పొయ్యి వెలిగించకుండా ఒక తీపి

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా ధవళేశ్వరంలో మన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు ప్రాముఖ్యం మీ అందరికీ తెలిసిందే. 1982 డిసెంబరు 17న నకారా గారి కేసులో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. పెన్షను అనేది సర్కారు దయతలచి ఇచ్చే భిక్ష కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అన్నది. మన ఊరికి సంబంధించినంతవరకు ఆ సంవత్సరానికి ఇంకొక విశేషం కూడా ఉంది. పాత ఆనకట్ట స్థానంలో మనమంతా దుమ్ములో, ఎండలో నిలబడి పనిచేసిన కొత్త బ్యారేజి కూడా 1982లోనే పూర్తయింది. ఇలా మన జీతమూ, జీవితమూ రెండూ ఆ ఏడాదితో ముడిపడి ఉన్నాయి.

కార్యదర్శి గారు "ఓ పది నిమిషాలు మీకు నచ్చిన విషయం మాట్లాడండి" అన్నారు. "వంట గురించి మాట్లాడతానండీ" అన్నాను. ఆయన నవ్వి, "డ్రాయింగ్ బ్రాంచిలో ముప్పై అయిదేళ్ళు గీతలు గీసినవారు వంట గురించి ఏం చెబుతారండీ" అన్నారు. ఆ ప్రశ్నకు సమాధానమే ఈ ప్రసంగం.

నేను 1968లో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి 2003లో రిటైరయ్యాను. ఆ ముప్పై అయిదేళ్ళలోనూ, ఆ తరవాత మరో పంతొమ్మిదేళ్ళూ, నాకు కాఫీ ఎలా తయారవుతుందో తెలియదు. చేతికి గ్లాసు వచ్చేది, తాగేవాణ్ణి. ఇది గొప్పగా చెప్పుకోవడం లేదు, సిగ్గుపడుతూనే చెబుతున్నాను. ఈ హాల్లో కూర్చున్న మగవారిలో చాలామంది పరిస్థితి ఇదేనని నాకు తెలుసు. ఎవరూ చేయి ఎత్తనక్కర్లేదు.

2022 వేసవిలో మా ఆవిడ పెరట్లో బావి గట్టు దగ్గర జారిపడింది. కుడి చేతి మణికట్టు విరిగింది. కట్టు వేశారు, ఆరువారాలు చేయి కదపకూడదన్నారు. చేయి సంగతి అలా ఉంచితే, ఆ వేసవిలోనే వచ్చిన జ్వరంతో ఆవిడకి అన్నం సయించడం మానేసింది. ముద్ద నోట్లో పెట్టుకుంటే వికారం. పై పళ్ళు కట్టుడువి, అవి కూడా వదులైపోయాయి. రెండు నెలల్లో ఆరు కిలోలు తగ్గింది. వైద్యులు, "మాంసకృత్తులు బాగా తీసుకోవాలి, మెత్తగా ఉండేవి ఏవైనా పెట్టండి" అని రాసి ఇచ్చారు. ఏం పెట్టాలో, ఎలా చెయ్యాలో మాత్రం ఎవరూ రాసి ఇవ్వలేదు.

అప్పుడు నేను వంటింట్లోకి వెళ్ళాను. నాలుగో రోజున పాలు పొయ్యి మీద పెట్టి పేపరు చదువుతూ కూర్చున్నాను. పాలు పొంగి మంట ఆరిపోయింది, గ్యాసు మాత్రం వస్తూనే ఉంది. పక్కింటి అమ్మాయి వాసన పట్టి పరిగెత్తుకొచ్చి కట్టేసింది కాబట్టి ఈ రోజు మీ ముందు నిలబడి ఉన్నాను. ఆ సంగతి హైదరాబాదులో ఉన్న మా అబ్బాయికి తెలిసింది. ఆ రాత్రే ఫోను చేసి, "నాన్నగారూ, ఇక మీరు స్టవ్వు ముట్టుకోవద్దు. ఇల్లు తాళం వేసి ఇక్కడికి వచ్చెయ్యండి. ఇక్కడ ఇబ్బంది అయితే మంచి ఆశ్రమం చూస్తాను" అన్నాడు. వాడిది ప్రేమే, తప్పు పట్టను. కానీ, అయ్యా, ఉదయం లేచి గోదావరి గట్టు మీద నాలుగడుగులు వెయ్యకుండా నేనెక్కడ బతుకుతాను? మా ఆవిడ ఆ మాట విని గోడవైపు తిరిగి పడుకుంది. ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతేనే నాకు భయం.

ఆ నెలలోనే మా మనవరాలు, అంటే మా అమ్మాయి కూతురు, అమెరికా నుంచి సెలవలకు వచ్చింది. అమ్మమ్మ తినడం లేదని చూసి, "తాతయ్యా, స్టవ్వు అక్కర్లేకుండా ఒకటి చేద్దాం. మా దగ్గర పార్టీల్లో దీన్ని ఫ్రూట్ డిప్ అంటారు" అంది. అక్కడ క్రీమ్ చీజ్ అనే మెత్తటి జున్నులాంటి దాన్ని, మార్ష్‌మాలో క్రీమ్ అనే తెల్లటి తీపి నురగని కలిపి గిన్నెలో పెట్టి, స్ట్రాబెర్రీ, ఆపిల్ ముక్కలు అందులో ముంచుకు తింటారట. అయితే ఆ నురగలో కోడిగుడ్డు తెల్లసొన ఉంటుంది. గట్టిగా ఉండే మార్ష్‌మాలో బిళ్ళల్లో అయితే జెలటిన్ ఉంటుంది, అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. మా ఇంట్లో ఆ రెండూ పనికిరావు. పైగా ఆ సామాను ధవళేశ్వరం కొట్లలో ఎక్కడ దొరుకుతుంది? "మరి ఎలాగే" అంటే, మనవరాలు కాసేపు ఆలోచించి, "పెరుగులో నీళ్ళు తీసేస్తే అదే అవుతుంది తాతయ్యా" అంది.

అప్పుడు గోడవైపు తిరిగి పడుకున్న మా ఆవిడ ఇటు తిరిగింది. "దీనికి అమెరికా వెళ్ళి రావాలా? మా అమ్మమ్మ మామిడిపళ్ళ రోజుల్లో పెరుగు మూట కట్టి దూలానికి వేలాడదీసేది. ఆ ట్రంకు పెట్టెలో అడుగున తెల్ల గుడ్డ ఉంటుంది, తియ్యండి" అంది.

ఆ గుడ్డ ఏమిటో చెబితే మన ఆఫీసువారికి గుర్తొస్తుంది. అది ట్రేసింగ్ క్లాత్. ప్లాస్టిక్ ఫిల్ములు రాకముందు మనం బ్యారేజి డ్రాయింగులు దాని మీదే ఇంకుతో గీసేవాళ్ళం. చాలా సన్నటి నేత గుడ్డకి గంజి దట్టంగా పట్టించి నునుపు చేస్తే అది ట్రేసింగ్ క్లాత్ అయ్యేది. పాడైపోయిన ముక్కలు పారేస్తుంటే ఇంటికి తెచ్చుకునేవాళ్ళం. వేడినీళ్ళలో నానబెట్టి గంజి వదలగొడితే పట్టులాంటి మెత్తటి గుడ్డ మిగిలేది. ఆ రోజుల్లో మన పిల్లల జేబురుమాళ్ళు ఎన్నో అలాంటివే. ఆ గుడ్డనే ఉడకబెట్టి ఆరవేసి, పెరుగు మూట కట్టాను. నేను గీసిన గీతలన్నీ వదిలిపోయాయి, గుడ్డ మాత్రం మిగిలింది.

కొంచెం చరిత్ర కూడా మనవి చేస్తాను. పెరుగుని గుడ్డలో కట్టి నీరు తీసి పంచదార కలిపే పద్ధతి కొత్తది కాదు. సంస్కృతంలో దీన్ని శిఖరిణి అన్నారు. పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు సోమేశ్వరుడు రాయించిన మానసోల్లాసంలో దీని ప్రస్తావన ఉంది. మహారాష్ట్ర, గుజరాతుల్లో శ్రీఖండ్ అని ఇప్పటికీ పండగలకి చేస్తారు. అక్కడ నీరు తీసిన పెరుగు ముద్దని చక్కా అంటారు. కాబట్టి అమెరికా పిల్ల చెప్పిందీ, మా ఆవిడ అమ్మమ్మ చేసిందీ, రాజుగారి వంటశాలలోదీ మూడూ ఒక్క కొమ్మ పళ్ళే.

మన డెల్టాలో అయితే దీనికి కావలసినదంతా గుమ్మంలోనే ఉంది. 1847లో కాటన్ దొరగారు పని మొదలుపెట్టి 1852కి పూర్తిచేసిన ఆనకట్ట కింద కాలవలు వచ్చాకనే ఇక్కడ పైరూ, పచ్చగడ్డీ, పాడీ స్థిరపడ్డాయి. గేదె పెరుగు గట్టిదనం గురించి నేను మీకు చెప్పనక్కర్లేదు. రావులపాలెం మార్కెట్టు నుంచి అరటి గెలలు లారీలకెక్కి ఎక్కడెక్కడికో పోతున్నాయి. మనకి తెల్ల చక్రకేళి, కర్పూర చక్రకేళి, అమృతపాణి అన్నీ వీధిలోకే వస్తాయి. జామ, సపోటా, బొప్పాయి సరేసరి.

ఇక అసలు పని. మన అలవాటు ప్రకారం ముందు ఎస్టిమేటు, తరవాత పని విధానం.

కావలసినవి

గట్టి గేదె పెరుగు ఒక కిలో. ఇంట్లో తోడు పెట్టుకుంటే మంచిది, పాలు కాచే ఓపిక లేనివారు పాకెట్ పెరుగు తెచ్చుకోవచ్చు. పుల్లబడనిదై ఉండాలి. పొడి చేసిన పంచదార 60 గ్రాములు, అంటే పెద్ద చెంచాతో నాలుగు నిండుగా. ఏలకులు మూడు, పొడి కొట్టి. ఇష్టమైతే ఆవగింజంత పచ్చకర్పూరం, అంతకన్నా వద్దు, చేదెక్కుతుంది. నిమ్మకాయ అర చెక్క. పళ్ళు మీ ఇష్టం, మీ పళ్ళకి తగ్గట్టు.

చేసే విధానం

పెరుగు గుడ్డలో పోసి నాలుగు చెరగులూ కలిపి ముడివేసి, కుళాయికో చిలక్కొయ్యకో వేలాడదీసి కింద గిన్నె పెట్టండి. ఊట ఎలా వస్తుందో నేను మన పాత అలవాటు కొద్దీ కొలిచి రాసుకున్నాను. మొదటి గంటలో పావు లీటరు దాటి దిగింది. రెండో గంటకి సగానికి తగ్గింది. నాలుగు గంటలకి చుక్క చుక్కగా పడింది. అప్పటికి దాదాపు 400 గ్రాముల ముద్ద మిగిలింది. మూటని పిండకండి. పిండితే వెన్నా, మెత్తటి భాగమూ గుడ్డ రంధ్రాల్లోంచి బయటికి వచ్చేస్తాయి. గట్టు కట్టినప్పుడు ఊట దానంతట అది పోవాలని మనం చెప్పుకునేవాళ్ళం కదా, ఇక్కడా అంతే.

శీతాకాలంలో ఇలా బయట వేలాడదీసినా ఫరవాలేదు. ఎండాకాలంలో మాత్రం జల్లెడలో గుడ్డ పరిచి, పెరుగు పోసి, కింద గిన్నె పెట్టి ఫ్రిజ్‌లోనే ఉంచాలి. మొదటిసారి నేను మే నెలలో రాత్రంతా బయట వదిలేశాను. పొద్దున చూస్తే నోట పెట్టలేనంత పులుపు. ఆ ముద్ద మజ్జిగ పులుసుకి కూడా పనికిరాలేదు.

ముద్దని ఒక వెడల్పాటి గిన్నెలోకి తీసి, పంచదార పొడి, ఏలకుల పొడి వేసి గరిటెతో నిదానంగా మెదపాలి. జల్లెడలో వేసి గరిటె వెనకవైపుతో రుద్దితే వెన్నలా నునుపుగా దిగుతుంది. పంచదార కరుగుతూ నీరు వదులుతుంది కాబట్టి మొదట కొంచెం పలచబడినట్టు ఉంటుంది, గంటసేపు చల్లగా ఉంచితే మళ్ళీ బిగుస్తుంది. బెల్లం కలిపి చూశాను, రంగు మారి జారుగా అయింది. మీరు ప్రయోగం చెయ్యదలుచుకుంటే కొంచెంతో చెయ్యండి.

కింద గిన్నెలో పడిన తేట పారబొయ్యకండి. పెరుగులోని పాలచక్కెరలో చాలా భాగమూ, కొంత పోషకమూ అందులోకే దిగుతాయి. చపాతీ పిండి కలపడానికో, పులుసులోకో వాడుకోండి.

పళ్ళ సంగతి

అరటిపండు కోసి గాలి తగిలిస్తే నల్లబడుతుంది. ముక్కల మీద నిమ్మరసం నాలుగు చుక్కలు చల్లితే చాలాసేపు తెల్లగా ఉంటాయి. కర్పూర చక్రకేళిలో ఉండే చిరుపులుపు ఈ తీపికి బాగా నప్పుతుంది. జామకాయ అయితే గింజల భాగం చెంచాతో తీసేసి, సన్నటి పలకలుగా కొయ్యండి, కట్టుడు పళ్ళవారికి గింజలు ఇరుక్కుంటే ఎంత బాధో అనుభవించినవారికి తెలుసు. బాగా పండిన బొప్పాయి, సపోటా పళ్ళు లేనివారికి కూడా సులువు. మామిడి రోజుల్లో కొత్తపల్లి కొబ్బరో, సువర్ణరేఖో ముక్కలు కోసుకుంటే ఇక చెప్పేదేముంది.

ఒక్క పండు విషయంలో జాగ్రత్త. అనాసపండు పచ్చిది ఇందులో కలపకండి. దానిలో బ్రొమిలైన్ అనే పదార్థం పాలలోని మాంసకృత్తుల్ని విరగ్గొట్టి చేదు పుట్టిస్తుంది. నేను అతిథులు వస్తున్నారని గొప్పకి పోయి అనాస ముక్కలు ముందే కలిపి ఉంచాను. సాయంత్రానికి వేపాకు కలిపినట్టయింది. వేడి తగిలితే ఆ గుణం పోతుంది కాబట్టి ఉడికించిన ముక్కలు, డబ్బాలో వచ్చేవి ఫరవాలేదు. పచ్చి బొప్పాయిలోనూ అలాంటి గుణమే ఉంది, బాగా పండినదాంట్లో చాలా తక్కువ.

చక్కెర వ్యాధి ఉన్నవారు మనలో సగం మందిమి ఉంటామేమో. వారికి నా మనవి: పంచదార మానెయ్యండి. తేనె వేశాం, ఖర్జూరం వేశాం, బెల్లం కదా అనుకోకండి, రక్తంలోకి వెళ్ళాక అవన్నీ చక్కెర కిందే లెక్క. ఏలకుల పొడి, చిటికెడు ఉప్పు వేసి దోరజామ ముక్కలతో తినండి, అది కూడా బాగుంటుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు అరటిపండు, మాంసకృత్తులు ఎంతవరకు తీసుకోవచ్చో తమ వైద్యుల్ని అడిగి తీరాలి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు పొద్దున్నే మాత్ర వెంటనే పాల పదార్థాలు తీసుకోకూడదు. మాత్ర సరిగా ఒంటపట్టదు. మా ఆవిడకి ఆ మాత్ర ఉంది. అందుకే మా ఇంట్లో ఇది సాయంత్రం నాలుగు గంటల పలహారం.

చేతులు, గుడ్డ, గిన్నె శుభ్రంగా ఉండాలి. కలిపిన తరవాత రెండు గంటలకు మించి బయట ఉంచవద్దు. ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజుల్లో తినెయ్యండి.

ఇక మిగిలిన కథ. మొదటి రోజు మా ఆవిడ ఒక అరటి ముక్క ముంచుకుని నోట్లో పెట్టుకుంది. నేనూ, మనవరాలూ ఆవిడ మొహం వంకే చూస్తున్నాం. "ఏలకులు ఎక్కువయ్యాయి" అంది. అని రెండో ముక్క తీసుకుంది. ఆ రోజు మూడు ముక్కలు తింది. ఎడమ చేత్తో ముంచుకు తినొచ్చు, చెంచా పట్టనక్కర్లేదు, ఎవరూ తినిపించనక్కర్లేదు. ఇంకొకరి చేత ముద్ద పెట్టించుకోవలసి రావడం ఆవిడకి జ్వరం కన్నా పెద్ద బాధ అని నాకు ఆ రోజు తెలిసింది. అంతవరకు నేను ఆ కోణంలోంచి ఆలోచించలేదు.

ఒక్క తీపితో జబ్బు నయమైందని నేను చెప్పను. మందులు వాడింది, పక్కింటి అమ్మాయి రెండు పూటలా కూర ఇచ్చింది, తరవాత వంటమనిషిని పెట్టుకున్నాం. కానీ నెల తిరిగేసరికి కిలోన్నర బరువు పెరిగింది. మా అబ్బాయి వచ్చి చూశాడు. వాడి ముందు నేను మూట విప్పి, కలిపి, పళ్ళు కోసి పళ్ళెంలో సర్ది పెట్టాను. వాడు తింటూ, "నాన్నగారూ, మీరేనా ఇది చేసింది" అన్నాడు. హైదరాబాదు మాట ఆ రోజు ఎత్తలేదు. వెళ్ళేటప్పుడు, "గ్యాసు ఆగిపోయే స్టవ్వు పంపిస్తాను, పొంగినా భయం ఉండదు" అని మాత్రం అన్నాడు, పంపించాడు. ఇప్పుడు కాఫీ కూడా నేనే పెడుతున్నాను. కాఫీ గురించి మా ఆవిడ అభిప్రాయం ఈ సభలో చెప్పనక్కర్లేదు. ఆవిడ మూడో వరసలోనే కూర్చుంది, కావాలంటే మీరే అడగండి.

మిత్రులారా, మన సంఘంలో ప్రతి సంవత్సరం కొందరు సభ్యులు భార్యని పోగొట్టుకుంటున్నారు. పెన్షను వస్తుంది, ఇల్లు ఉంటుంది, కానీ ఆకలేస్తే ఏం చెయ్యాలో తెలియక పిల్లల దగ్గరికి వెళ్ళిపోతున్నారు. ఇష్టపడి వెళ్తే వేరే మాట. చేతకాక వెళ్ళకూడదు. పెన్షను మన హక్కు అని కోర్టు చెప్పింది. ఆ పెన్షనుతో మన ఇంట్లో మనం బతకగలిగే చేతనైనతనం మాత్రం ఏ కోర్టూ ఇవ్వదు, మనమే నేర్చుకోవాలి. భార్య ఆరోగ్యంగా ఉన్నప్పుడే, ఆవిడ పక్కనే నిలబడి తిడుతూ నేర్పించగలిగినప్పుడే నేర్చుకోవాలి. మంట అక్కర్లేని ఈ పనితో మొదలుపెట్టండి. తరవాత మజ్జిగ, తరవాత అన్నం.

నిన్న మధ్యాహ్నం అయిదు కిలోల పెరుగు మూటలు కట్టి, రాత్రి కలిపి, ఫ్రిజ్‌లో పెట్టి, ఇందాకనే ఐసు మీద పెట్టి తెచ్చాను. అరటి, జామ, సపోటా ముక్కలు ఉన్నాయి. పంచదార వెయ్యని గిన్నెకి ఎర్రదారం కట్టాను, చక్కెర ఉన్నవారు దయచేసి ఆ గిన్నె దగ్గరికే వెళ్ళండి, నేను చూస్తూ ఉంటాను. అనాస తేలేదు.